వచ్చేటోళ్లు దుప్పటి తెచ్చుకోండ్రి

ఆమె పోయిన సంగతి నాకు లిఫ్టులో తెలిసింది. కిష్టారెడ్డిపేటలో మేముండే అపార్ట్‌మెంటు లిఫ్టు చాలా ఇరుకు. నలుగురెక్కితే ఒకరి మాట ఇంకొకరి చెవిన పడక తప్పదు. మూడో అంతస్తులో ఉండే ఆయన పక్కాయనతో, "కింద టెంట్ ఆంటీ పోయారట కదా. ఊళ్ళోనే కార్యక్రమం చేసేశారట" అన్నాడు. "అయ్యో, ఎప్పుడు?" అన్నాడు పక్కాయన. "మొన్నో, అటుమొన్నో." రెండో అంతస్తులో తలుపు తెరుచుకుంది. నేను దిగవలసింది అక్కడే. దిగలేదు. తలుపు మూసుకుంది. ఇవాళ నీళ్ళ ట్యాంకర్ వచ్చిందా లేదా అని వాళ్ళు మాట్లాడుకోవడం మొదలుపెట్టారు.

టెంట్ ఆంటీ అనేది అపార్ట్‌మెంటు జనం ఆమెకు పెట్టిన పేరు. ఆమెకది నచ్చేది కాదు. టెంట్ అన్నందుకు కాదు, ఆంటీ అన్నందుకు. "ఆంటీ ఏంది? అక్కా అనుండ్రి, లేకుంటే అవ్వా అనుండ్రి. ఆంటీ అంటే నా ఎన్క ఇంకెవలో ఉన్నరేమోనని తిరిగి సూస్త" అనేది. నేను అక్కా అనే పిలిచాను. ఆమె అసలు పేరు నాకు తెలుసు. ఇక్కడ రాస్తే మాత్రం నా చేతికే కొత్తగా ఉంటుంది. అందుకని రాయడం లేదు.

పొట్టి మనిషి, గట్టి మనిషి. అరవైకి అటూ ఇటూ వయసు. పాశమైలారంలో ఒక మందుల కంపెనీలో గోళీలు డబ్బాలకెత్తే విభాగంలో చాలా ఏళ్ళు పనిచేసి దిగిపోయింది. కంపెనీ వదిలింది గాని కంపెనీ వాళ్ళిచ్చిన బూట్లు వదల్లేదు. ముందు భాగంలో ఇనుప రేకు ఉండే నల్లటి సేఫ్టీ బూట్లు. నేత చీర కట్టుకుని, దాని కింద ఆ బూట్లు వేసుకుని ఆమె వరండాలో నడుస్తుంటే ఎవరో పెద్ద అధికారి తనిఖీకి వచ్చినట్టుండేది. కింద లిఫ్టు పక్కనే ఉన్న తన ఇంటి తలుపుకి రోకలి అడ్డం పెట్టి పొద్దంతా తెరిచే ఉంచేది. లిఫ్టు కోసం నిలబడ్డవాళ్ళెవరైనా సరే, ఆమె గుమ్మం ముందు నిలబడ్డట్టే లెక్క.

"తిన్నవా? ఏం కూర?"

కూర ఏమిటో చెప్పాక, "ఇంకేంది?" అనేది. దానికీ జవాబు చెబితే మళ్ళీ, "ఇంకేంది?" లిఫ్టు వచ్చేదాకా అంతే. లిఫ్టు రాగానే ఎవరైనా మర్యాదగా, "ఉంటానండీ" అంటే ఆమెకు ఎక్కడలేని చికాకు వచ్చేది. "ఉంట అంటరు, పోతరు. ఏం మాటలో ఏమో!" అని లోపలికి వెళ్ళిపోయేది.

ఆమెకు టైపు చేయడం రాదు. నెలకో రెండు నెలలకో ఒకసారి, శుక్రవారం సాయంత్రం, అపార్ట్‌మెంటు గ్రూపులో ఆమె గొంతు వచ్చేది. వెనక కుక్కరు ఈల వేస్తుండగా ఊళ్ళో దండోరా వేసినంత గట్టిగా మాట్లాడేది: "అందరికి నమస్తే. రేపు నర్సాపూర్ అడవిల నడుసుకుంట పోయి చెరువు కాడ పండుకుందం. పొద్దుగాల వాపస్. పెద్ద టెంట్ ఉన్నది. రొట్టెలు నేను చేస్కొస్త. వచ్చేటోళ్లు దుప్పటి తెచ్చుకోండ్రి." దానికింద వరసగా బొటనవేళ్ళు పడేవి. రెండు పువ్వులు కూడా పడేవి. అసోసియేషన్ సెక్రటరీ గారు మాత్రం, 'గ్రూపులో అసోసియేషన్ విషయాలు మాత్రమే పెట్టగలరు' అని పెట్టేవారు. ఆమె చదవలేదు కాబట్టి దానికి కూడా ఒక పువ్వు పంపేది.

మర్నాడు ఎవరూ వచ్చేవారు కాదు. బొటనవేలు పెట్టినవాళ్ళు కార్లలో ఆమె పక్కనుంచే గేటు దాటి షాపింగులకు వెళ్ళేవారు. ఆమె కొంచెం సేపు చూసి బయలుదేరేది. ఆదివారం పొద్దున తిరిగి వచ్చి, మిగిలిన రొట్టెల మూట పట్టుకుని పక్క ప్లాటులో సెంట్రింగు పనిచేసే బీహారు వాళ్ళ దగ్గరికి పోయేది. "లేలో భయ్యా, కల్ కా హై, మగర్ అచ్ఛా హై" అని, నిన్నటివైనా బాగున్నాయని చెప్పి ఇచ్చేది. నేను రెండో అంతస్తు బాల్కనీలో బట్టలు ఆరేస్తూ ఇదంతా చూసేదాన్ని.

అప్పటికి నేను అక్కడికి అద్దెకు వచ్చి ఏడాది దాటింది. పాశమైలారంలోనే ఇంకో కంపెనీ ల్యాబులో నా ఉద్యోగం. పొద్దున కంపెనీ బస్సు, సాయంత్రం కంపెనీ బస్సు. అమ్మ పోయాక నాకు మిగిలింది కరీంనగర్‌లో ఒక అన్న. పండగలకు ఫోన్ చేస్తాడు. ముప్పై ఏడేళ్ళ ఆడమనిషి ఒక్కతే ఎందుకుంటుందని మొదట్లో అడిగినవాళ్ళు కూడా తర్వాత అడగడం మానేశారు. కొన్ని శుక్రవారాలు కంపెనీ గేటు దాటాక సోమవారం మళ్ళీ బస్సెక్కేదాకా నేను నోరు తెరిచి ఒక్క మాట కూడా మాట్లాడేదాన్ని కాదు. అదేమంత కష్టంగా ఉండేది కాదు, అలవాటైపోయింది.

మాఘమాసంలో ఒక శనివారం మధ్యాహ్నం పాల ప్యాకెట్ కోసం కిందికి వెళ్ళాను. ఆమె గేటు దగ్గర నిలబడి ఉంది. వీపుకి ఎర్రటి పెద్ద సంచి, తలకు తువ్వాలు, చేతిలో రొట్టెల మూట. పాలు కొనుక్కుని తిరిగి వస్తున్నప్పుడు కూడా అక్కడే ఉంది. నన్ను చూసి ఆమె ముఖం విప్పారింది.

"నువ్వొస్తున్నవా?"

"లేదక్కా. పాలకొచ్చిన."

ఆమె పాల ప్యాకెట్ వైపు చూసింది. "మంచిదాయె. పాలు గూడ పట్టుకరా. చెరువు కాడ చాయ్ పెట్టుకుందం."

కాదని చెప్పడానికి నాకొక కారణం కావాలి. ఎంత వెతికినా దొరకలేదు. పైకి వెళ్ళి దుప్పటి తెచ్చుకున్నాను.

పటాన్‌చెరు దాకా ఆటో, అక్కణ్ణుంచి సంగారెడ్డికి బస్సు, సంగారెడ్డిలో నర్సాపూర్ బస్సు. ముగ్గురు కూర్చునే సీటు ఖాళీగా దొరికితే అందరూ కిటికీ వైపు కూర్చుంటారు. ఆమె నడిమిట్లో కూర్చుంది. నన్ను కిటికీ పక్కకు జరిపి, అటువైపు ఎవరో కొత్త మనిషి వచ్చి కూర్చునేదాకా ఆమె స్థిమితపడలేదు. తర్వాత ఆ కొత్త మనిషిని అడిగింది, ఏం కూర వండినవని.

అడవి గేటు దగ్గర వాచర్ ఆమెను గుర్తుపట్టాడు. "ఇయ్యాల తోడు దొరికిందా అమ్మా?" అన్నాడు. "దొరికింది" అని ఆమె నా భుజం మీద చెయ్యి వేసి చూపించింది, కొత్తగా కొన్న వస్తువును చూపించినట్టు. మంట పెట్టొద్దని అతను చెప్పాడు. చిన్న గ్యాసు పొయ్యి తెచ్చుకున్నానని ఆమె చెప్పింది. అది ఇద్దరికీ కంఠతా వచ్చిన సంభాషణలాగుంది.

దారి మొదట్లో వెడల్పుగా ఉండి, తర్వాత మనిషి వెనక మనిషి నడిచేంత సన్నమైంది. ఆమెకు దారి తెలుసు కాబట్టి ముందు నడుస్తుందనుకున్నాను. ఆమె నన్ను ముందుకు తోసింది.

"నాకు తొవ్వ తెల్వదక్కా."

"నాకెర్కే గదా, ఎన్కకెల్లి చెప్త. నువ్వు ముంగట నడువు. నా ముంగట మనిషి కనవడాలె."

అలాగే నడిచాం. వెనకనుంచి "కుడికి... ఆ రాయి దాటు... జెర ఆగు" అని గొంతు వస్తుండేది. టేకు ఆకులు ఎండి దారంతా పరుచుకుని ఉన్నాయి. అడుగు వేస్తే అప్పడాలు తొక్కినట్టు చప్పుడు. ఆమె బూట్ల కింద ఇంకా పెద్ద చప్పుడు. అక్కడక్కడా మోదుగు చెట్లు ఆకులన్నీ రాల్చేసి మొగ్గలు పట్టుకుని ఉన్నాయి. ఎక్కడో ఒక నెమలి అరిచింది. నేను ఆగి విన్నాను. ఆమె ఆగలేదు, నన్ను ఢీకొట్టింది. నిజం చెప్పాలంటే ఆమెకు అడవి మీద పెద్ద ఆసక్తి లేదు. చెట్ల పేర్లు అడిగితే, "ఏదో చెట్టు, ఎవలకెర్క" అనేది. కోతులంటే భయం. పిట్టల వైపు తలెత్తి కూడా చూసేది కాదు. మరి ఈ మనిషి ఇంత బరువు వీపున వేసుకుని ఇక్కడికెందుకు వస్తుందో నాకు అంతు పట్టలేదు.

చిన్న ఎత్తు ఎక్కి దిగేసరికి చెట్ల సందుల్లోంచి చెరువు కనిపించింది. ఎండ వాలుతోంది. నీళ్ళు కదలకుండా ఉన్నాయి. అవతలి ఒడ్డున కొంగలు. కట్టకింద చదునైన జాగాలో ఆమె సంచి దించి టెంట్ విప్పింది. అది ఆరుగురు పట్టే టెంట్. అంత పెద్దది ఎందుకు కొన్నదని నేను అడగలేదు.

"గా కొస పట్టు. గట్టిగ పట్టాలె. ఆఁ, ఇప్పుడు లేపు."

టెంట్ లేచి నిలబడింది. ఆమె దాని చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, నడుము మీద చేతులు పెట్టుకుని చూసింది.

"లేస్తే గిట్లుంటదా! మంచిగనే ఉన్నది."

"మీరు ఇదివరకు లేపలేదా?"

"ఒక్కదాన్నే ఏడ లేపుత? ఈ కడ్డీ నిలవెడితే ఆ కడ్డీ పడ్తది. ఊకె కింద పరుసుకొని దాని మీదనే పండుకుంట."

"అట్లయితే ఇంత బరువు ఎందుకు మోస్కొస్తరక్కా? చాప తెచ్చుకుంటే అయిపోతుండె గద."

"ఎవలన్న వస్తే?" అంది.

జొన్నరొట్టెలు, ఉల్లికారం తిన్నాం. పొద్దు గూకిందో లేదో ఆమె పడుకునే ఏర్పాట్లు మొదలుపెట్టింది. టెంటులో ఆరుగురి జాగా ఉంటే, రెండు దుప్పట్లూ ఒకదాని అంచు ఒకటి తాకేలా పరిచింది. నేను కొంచెం దూరం జరుపుకున్నాను. ఆమె మళ్ళీ దగ్గరికి లాగింది.

"జరుగకు. గంత దూరం పండుకుంటందుకు అడవి దాక రావాల్నా? ముచ్చట వెట్టేది గూడ లేదు. నీకు మాట్లాడబుద్ధి కాకుంటే మాట్లాడకు. పక్కకు పండుకో, గంతే."

కళ్ళు మూసుకోగానే నిద్రపోయింది. నేనింకా చెప్పులు విప్పుతూనే ఉన్నాను. పసిపిల్లలు తప్ప అలా నిద్రపోయేవాళ్ళని నేను చూడలేదు.

తెల్లవారి చెరువు మీద పొగమంచు లేస్తుండగా చాయ్ పెట్టింది. ఆమె కళ్ళు తేటగా ఉన్నాయి. పదేళ్ళు తగ్గినట్టుంది ముఖం.

"మంచిగ పండుకున్న. ఎన్ని దినాలాయెనో" అంది. చాయ్ గ్లాసుల్లోకి వంచుతూ తనే మళ్ళీ చెప్పింది. "నాకు ఒక్కదాన్నే పండుకుంటే నిద్ర రాదే. పక్కకు మనిషి ఊపిరి ఇనవడాలె. చిన్నప్పుడు కల్లం కాడ వడ్ల కుప్పల పక్కపొంటి అందరం వరసగ పండుకుంటుంటిమి. తర్వాత కంపెనీల. రాత్రి షిఫ్టుల తిన్నంక కొద్దిసేపు ఒరుగనిస్తుండె. అట్టపెట్టెలు ఇప్పి పరుసుకొని, ఆడోళ్లమంత ఒకలెంబడి ఒకలం. గా కొద్దిసేపే నాకు నిద్ర. ఇంటికొస్తే పట్టకపోతుండె. ఇగ కంపెనీ ఇడిసినంక అదీ లేదు. కిందింట్ల ఇటు గోడ, అటు గోడ. ఊకె కండ్లు తెరుసుకొని సూస్త."

"ఇంటికే ఎవరినన్న పిలవచ్చు గదక్కా. ఇంత దూరమెందుకు?"

ఆమె నన్ను జాలిగా చూసింది. "మా ఇంటికొచ్చి పండుకోండ్రి అంటే ఎవలొస్తరే? పిస్సలేసిందనుకుంటరు. అడవికి పోదం, చెరువు సూద్దం అంటే వస్తరేమోనని."

అప్పుడు నేను చెరువు వైపు చూస్తూ కూర్చున్నాను. పొగమంచులోంచి ఒక నీటికోడి బయటికి వచ్చి, మళ్ళీ లోపలికి పోయింది. ఏదైనా అనాలనిపించింది. ఇంకో గ్లాసు చాయ్ అడిగాను. ఆమె సంతోషంగా పోసింది.

ఆ తర్వాత ఇంకొన్నిసార్లు ఆమెతో వెళ్ళాను. ఆమె గతం గురించి నాకు తెలిసింది తక్కువ. ఊళ్ళో తమ్ముడున్నాడు, పొలం అమ్మగా వచ్చిన దాంట్లో ఆమె భాగానికి ఈ ఇల్లు వచ్చింది. పెళ్ళి గురించి ఒకసారి అడిగాను. "అయింది అన్నా నిజమే, కాలే అన్నా నిజమే" అని పొయ్యి మీది రొట్టె తిరగేసింది. నేను మళ్ళీ అడగలేదు. ఆమె కూడా నన్ను అలాంటివి అడగలేదు. కూర మాత్రం అడిగేది.

ఎండాకాలం మొదట్లో, వరసగా మూడు సెలవులు వచ్చినప్పుడు, ఈసారి పిలుపు నేను రాస్తానన్నాను. చెరువు ఫోటో పెట్టాను, దారి రాశాను, కార్లు కట్ట అవతలి గేటు దగ్గర ఆపుకోవచ్చని కూడా రాశాను. పిల్లలు గొడవ చేసి ఉంటారు, ఏకంగా అయిదారు కుటుంబాలు బయలుదేరాయి. సెక్రటరీ గారు కూడా. ఆయనది గుంటూరు వైపు, ఒక ఫ్యాక్టరీలో మేనేజరు. ఆయన భార్య సరళ గారు ఎప్పుడూ ఆయన వెనక రెండడుగుల దూరంలో నడిచే మనిషి. ఆవిడ గొంతు నేను వినడం ఆ రోజే మొదలు.

అక్క ఆ రోజు ఎలా ఉందో చెప్పడం కష్టం. తెల్లవారుజామునుంచీ రొట్టెలు కొడుతూనే ఉంది. దారిలో అందరినీ ముందుకు పంపి చివర తను నడిచింది. ముందు అంతమంది వీపులు. నేను తిరిగి చూసినప్పుడల్లా ఆమె ఎవరికీ కాని నవ్వు ఒకటి నవ్వుతోంది. ఒకరి స్పీకరులో పాటలు మోగుతున్నాయి. ఇంకొకరు సిగ్నల్ లేదని ఫోను పైకెత్తి పట్టుకుని నడుస్తున్నారు. ఆమెకు అవేవీ పట్టలేదు. "అందరు ముంగట్నే ఉన్నరు, అందరు ముంగట్నే ఉన్నరు" అని తనలో తను అనుకుంటోంది.

చెరువు దగ్గర ఫోటోలయ్యాయి. పిల్లలు రాళ్ళు విసిరారు. టెంట్ లేపడానికి ఆరుగురు మగవాళ్ళు పోటీపడ్డారు. ఎండ వాలగానే దోమలు దిగాయి. బాత్రూములు లేవన్న సంగతి నెమ్మదిగా ఒకరి నుంచి ఒకరికి పాకింది. తర్వాత ఎవరో పొద దగ్గర పాము కుబుసం చూశారు. అంతే. ఎవరు ముందన్నారో తెలియదు గాని, చీకటి పడకముందే బయలుదేరదాం అన్న మాట వినిపించింది. చూస్తుండగానే చాపలు చుట్టేశారు, సంచులు సర్దేశారు. అక్కే వాళ్ళకు సాయం చేసింది. నీళ్ళ సీసాలు వెతికి పిల్లల మెడలో వేసింది, ఎవరి చెప్పు ఎవరిదో చూసి తొడిగింది.

"ఆంటీ, మీరు కూడా రండి. కార్లో ప్లేస్ ఉంది" అన్నారెవరో.

"పోండ్రి, పోండ్రి. పిల్లగాండ్లకు దోమలు కుడ్తయి" అంది. ఆంటీ అన్నందుకు ఏమీ అనలేదు. దాన్నిబట్టి నాకు అర్థమైంది.

సాగనంపడానికి మేమూ కట్ట అవతలి గేటు దాకా వెళ్ళాం. కార్లు ఒక్కొక్కటే కదిలాయి. సెక్రటరీ గారు తలుపు తెరిచి పట్టుకున్నారు. సరళ గారు ఎక్కలేదు.

"నేను ఉంటానండీ" అన్నారు.

"ఉండటం ఏంటి? ఎక్కు."

"ఉంటాను. రేపు వీళ్ళతో వచ్చేస్తాను."

ఆయన అటూ ఇటూ చూశారు. తమాషాకి అంటోందేమోనని భార్య ముఖంలోకి చూశారు. "మరి రాత్రికి భోజనం?" అన్నారు చివరికి. సరళ గారు సామాన్లతో పాటు తన చేతికొచ్చిన రొట్టెల మూట ఆయన చేతిలో పెట్టి, "ఉల్లికారం కూడా ఉంది అందులో. వేడి చేసుకోనక్కర్లేదు" అన్నారు. వెనక కారు హారన్ కొట్టింది. ఆయన మూట ఒళ్ళో పెట్టుకుని కారు నడుపుకుంటూ వెళ్ళిపోయారు.

అక్క నా దగ్గరికి వచ్చి చెవిలో అంది, "సూసినవా, ఉంట అన్నది, ఉన్నది!" ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ తర్వాతగాని రొట్టెలన్నీ వెళ్ళిపోయాయని ముగ్గురికీ తట్టలేదు. పిల్లలు వదిలేసిన బిస్కెట్ ప్యాకెట్లు వెతుక్కుని తిన్నాం. ఆమె సరళ గారిని మధ్యలో పడుకోబెడదామనుకుంది, మళ్ళీ మనసు మార్చుకుని మధ్యలో తనే పడుకుంది.

"పెళ్ళయ్యాక ఆయన లేకుండా బయట ఎక్కడా పడుకోలేదండి" అన్నారు సరళ గారు, టెంట్ పైకప్పు వైపు చూస్తూ.

"భయమైతుందా సరళమ్మా?" అంది అక్క.

"లేదు. ఆకలేస్తోంది."

ముగ్గురం నవ్వాం. నవ్వు ఆగేలోపే అక్క నిద్రపోయింది.

ఆ ఎండాకాలమంతా ముగ్గురం వెళ్ళాం. వానలు మొదలై అడవి దారి మూసేశారు. ఆ వానల్లోనే సెక్రటరీ గారికి విశాఖ బదిలీ అయింది. సరళ గారు వెళ్ళే రోజున అక్క గుమ్మంలో చాలాసేపు నిలబడి, కూర ఏం వండారో కూడా చెప్పి వెళ్ళారు. మా కంపెనీలో ఆడిట్లు వచ్చిపడి నాకు శనివారాలు పోయాయి. కొన్ని ఆదివారాలు కూడా పోయాయి. చలికాలంలో దారి తెరిచాక ఆమె మళ్ళీ గ్రూపులో పిలిచింది. నేను డ్యూటీలో విన్నాను. ఆ రోజు ఒక్కతే వెళ్ళింది. దారి సగంలో ఆయాసం వచ్చి ఒక రాయి మీద కూర్చుండిపోయిందట. వాచర్ చూసి బండిలో నర్సాపూర్ తీసుకువెళ్ళాడు, అక్కడికి తమ్ముడొచ్చి సంగారెడ్డి సర్కారు దవాఖానాలో చేర్పించాడు. గుండె బలహీనమైందన్నారు.

నాకు వీలైన మొదటి రోజు మధ్యాహ్నం వెళ్ళాను. ఆడవాళ్ళ వార్డు. పొడుగాటి హాలు, అటో వరస మంచాలు, ఇటో వరస మంచాలు, నడుమ కింద చాపల మీద తోడు వచ్చినవాళ్ళు. అన్నాలు తినేశారు. దాదాపు అందరూ కునుకు తీస్తున్నారు. చివరి నుంచి మూడో మంచం మీద ఆమె. బూట్లు మంచం కింద జతగా పెట్టి ఉన్నాయి. గాఢంగా నిద్రపోతోంది.

పక్క మంచం దగ్గర ఒకామె తల్లికి విసురుతూ కూర్చుంది. ఆమే నాకు చెప్పింది. "వాళ్ల తమ్ముడు ప్రైవేటుకు తీస్కపోత, సెపరేట్ రూమ్ ఇప్పిస్త అన్నడు. వద్దన్నది. ఇంత మంచి నిద్ర ఎప్పుడు పోలేదట, ఈడనే ఉంట అన్నది. పండుకునే ముంగట అందర్ని అడుగుతది, తిన్నరా, ఏం కూర అని." తర్వాత విసరడం ఆపి నన్నడిగింది. "మీరు ఆమెకేమైతరు?"

"ఏం కాను. కలిసి అడవికి పోతుంటిమి" అన్నాను.

అది చాలా మామూలు చుట్టరికమైనట్టు ఆమె తలాడించింది. తన చాప సగం నా వైపు జరిపింది. "లేపకుండ్రి. జెర సేపు ఒరుగుండ్రి, లేస్తది."

ఒరిగాను. తల కింద సంచి పెట్టుకున్నాను. పైన ఫ్యాను కిర్రుమంటోంది. చుట్టూ అంతమంది నిద్ర. ఎవరో దగ్గారు, ఎవరో పక్కకు తిరిగారు. ఎవరి గాజులో మంచం పట్టీకి తగిలి మోగాయి. కాసేపు కూర్చుని వెళ్ళిపోదామనే వచ్చాను. కళ్ళు ఎప్పుడు మూతపడ్డాయో తెలియదు.

మెలకువ వచ్చేసరికి కిటికీలో ఎండ పచ్చబడింది. ఆమె మంచం అంచుకు జరిగి, చెంప కింద చెయ్యి పెట్టుకుని, కిందికి నన్నే చూస్తోంది. ముఖం పాలిపోయింది. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. కళ్ళు మాత్రం ఆ మొదటి తెల్లవారుజామున ఉన్నట్టే తేటగా ఉన్నాయి.

"ఎప్పుడు లేచిన్రక్కా? నన్ను లేపద్దా?"

"ఎందుకు లేపుడు? మంచిగ పండుకున్నవు." కొంచెం సేపు ఊపిరి కూడదీసుకుంది. తర్వాత గొంతు తగ్గించి, ఎవరూ వినకూడని సంగతిలా అంది. "నువ్వు గురక వెడ్తవు, ఎర్కనా?"

నేను లేచి కూర్చున్నాను. "నేనా?"

"నువ్వే. చిన్నగ గాదు, టెంటంత అదురుతుండె. సరళమ్మకు గూడ ఎర్కే. చెప్పొద్దని ఇద్దరం అనుకున్నం."

"ఎందుకు చెప్పలేదక్కా?"

ఆమె చెయ్యి చాచి, చెదిరిన నా జుట్టును చెవి వెనక్కి సర్దింది.

"మొదటి నాడే చెప్దమనుకున్న" అంది. "చెప్తే సిగ్గువడి మళ్ల రావేమోనని చెప్పలే."